చిన్నదని విడిచిన నేరము

ఇంగ్లండు దేశమున 1847 వ సంవత్సరములో పట్టణముల పోలీసు వ్యవహారములను గూర్చి పార్లమెంటువారు ఒక చట్టము చేసిరి. అందలి 28 వ సెక్షను నేడు చదువువారికి నవ్వు రాక మానదు. వీథిలో గాలిపటము నెగురవేయువాడు, పరుల యింటి తలుపు గంటను వేడుకకు మ్రోగించువాడు, తివాచీని వీథిలో దులుపువాడు, వీరందరును ఆ సెక్షను ప్రకారము దండ్యులే. శిక్ష 40 షిల్లింగుల జుల్మానా, లేదా 14 దినముల ఖైదు. ఆ జాబితాలోనే, ఆ వరుసలోనే, బుద్ధిపూర్వకముగా అసభ్యరీతిని తన దేహమును పరులకు బయలుపరచువాడును చేర్పబడినాడు. ఇక్కడ మాత్రము నవ్వు నిలిచిపోవును.

ఆ పొత్తు అప్పుడు క్రొత్తగా కుదిరినది కాదు. అంతకు 23 ఏండ్ల ముందే, 1824 లో, దేశద్రిమ్మరుల చట్టము వచ్చియుండెను. నెపోలియను యుద్ధములు 1815 లో ముగిసిన పిదప పనిలేని సైనికులును, ఊరు విడిచిన కూలీలును దారుల వెంట తిరుగాడుచుండగా వారిని అదుపులో నుంచుటకై చేసిన శాసనమది. చేయి చూచి జోస్యము చెప్పువారు, పుండ్లు చూపి బిచ్చమెత్తువారు, ఎవరి కొట్టములోనో తలదాచుకొని నిద్రించువారు, వీరందరును అందులో ‘ధూర్తులు, దేశద్రిమ్మరులు’ అను నొకే పేరు క్రిందికి వచ్చిరి. స్త్రీని అవమానింపవలెనను తలంపుతో బహిరంగముగా సిగ్గువిడిచి ప్రవర్తించు పురుషుని గూడ శాసనకర్తలు ఆ గుంపులోనే నిలువబెట్టిరి. మూడు నెలలకు మించని కఠిన శ్రమ వానికి శిక్ష. ఆకలిగొని కొట్టములో పండుకొన్న బీదవానికిని, ఒంటరి స్త్రీని దారిలో భయపెట్టినవానికిని ఒకే కొలత!

ఈ వ్యవస్థ పదియో యిరువదియో ఏండ్లు నడచి పోలేదు. 2003 లో చేసిన లైంగిక నేరముల చట్టము 2004 మే 1 వ తేదీనుండి అమలులోనికి వచ్చువరకును, అనగా ఇంచుమించు 180 సంవత్సరములు, ఇంగ్లండులో ఈ పనికి ఈ మాటలే చట్టము. క్రొత్త చట్టము దానిని లైంగిక నేరముగా పేర్కొని, రెండేండ్లవరకు ఖైదు విధింపవచ్చునన్నది. కాని తొమ్మిది తరముల పోలీసులు దానిని వీథి అల్లరిగా లెక్కించుటకు అలవాటుపడిరి. కాగితముపై మారిన లెక్క స్టేషనులో మారినదా అనునదే మన ప్రశ్న.

ఒక మాట ముందుగానే చెప్పవలెను. ఇట్టి పని చేసిన ప్రతివాడును పిమ్మట ఘోరమునకు ఒడిగట్టునని కాదు. పెక్కుమంది అంతదూరము పోరు. అయినను, ఘోరమునకు ఒడిగట్టినవారి పూర్వకథను తిరగవేసినప్పుడు మొదటి పుటలలో ఇట్టి ‘చిన్న’ సంగతులు తరచుగా కనబడును. అవి పోలీసులకు తెలియక పోయినవి కావు. తెలిసియు వేరు పేరుతో వ్రాసికొనబడినవి.

ఉత్తర ఇంగ్లండులోని యార్కుషైరు ప్రాంతపు కథ ఇందుకు పాతదైన సాక్ష్యము. 1969 లో బ్రాడ్‌ఫర్డు పట్టణమున పీటర్ సట్‌క్లిఫ్ అను యువకుడు ఒక స్త్రీని, మేజోడులో రాయి పెట్టి దానితో తలపై మోదెను. ఆమె వాడు వచ్చిన బండి సంఖ్యను గుర్తు పెట్టుకొనెను. పోలీసులు వాని యింటికి పోయి అడిగిరి. కొట్టితినని వాడు ఒప్పుకొనెను. ఆమె వ్యాజ్యమునకు సమ్మతింపలేదు. అంతటితో ఆ సంగతి ముగిసినది. ఆ సంవత్సరమే వాడు వేశ్యలుండు పేటలో, ఒక యింటి తోటలో, చేత సుత్తితో పట్టుబడెను. అర్ధరాత్రివేళ సుత్తితో నక్కియున్నవాడు దొంగ కాక మరేమగునని తలచిరి కాబోలు, దొంగతనమునకు సిద్ధపడి తిరుగుచున్నాడని కేసు పెట్టిరి. న్యాయస్థానము 25 పౌనుల జుల్మానా విధించెను. మొదటి కాగితమును రెండవ కాగితమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు లేరు. ఆ సుత్తి దేనికొరకో 1975 నుండి ఆ దేశమునకంతకును తెలిసివచ్చినది.

1975 ఆగస్టులో సిల్స్‌డెన్ అను ఊరి వెలుపల 14 ఏండ్ల బాలికపై వాడు దాడి చేసెను. ఆ పిల్ల బ్రదికి, తనతో చాలదూరము మాటలాడుచు నడచిన ఆ మనుష్యుని ముఖమును చక్కగా వర్ణించెను. ఆమె మాటలనుబట్టి కూర్చిన చిత్రము వానికి అచ్చముగా సరిపోవునది. కాని పోలీసులు వెదకుచున్నది వేశ్యలను చంపువానిని; ఈమె బడికి పోవు పిల్ల; కావున ఆ దాడి వీనిది కాదని ప్రక్కన పెట్టిరి. 1979 అక్టోబరులో ఒక పైఅధికారి, హంతకుడు ఇప్పుడు ‘నిర్దోషులైన’ యువతులను గూడ చంపుచున్నాడని బహిరంగముగా ప్రకటించెను. మునుపు చచ్చినవారు ఏమి దోషము చేసిరో ఆయన చెప్పలేదు.

లీడ్సు నగరపు పోలీసు కార్యాలయములో సాక్ష్యపు కార్డులు గుట్టలుగా పెరిగి, వాని బరువునకు నేల ఆగదేమోయని దానికి బలము కూర్చవలసి వచ్చెనట. ఆ కార్డులలో సట్‌క్లిఫ్ పేరు పలుమార్లు ఉండెను. పోలీసులు వానిని తొమ్మిది పర్యాయములు ప్రశ్నించి విడిచిరి. పైగా 1979 లో ఎవడో ఆకతాయి పంపిన ధ్వనిముద్రికను నమ్మి, ఆ యాస లేనివారిని హంతకుడు కాడని త్రోసివేసిరి. చివరకు వానిని పట్టినది ఆ మహాయంత్రాంగము కాదు. 1981 జనవరి 2 వ తేదీ రాత్రి షెఫీల్డు నగరమున ఇద్దరు పోలీసులు, కారునకు దొంగ నంబరు పలకలున్నవని వానిని ఆపిరి. మూత్రవిసర్జనమునకని వాడు కొంచెము ప్రక్కకు పోయి వచ్చెను. మరునాటి రాత్రి రాబర్ట్ రింగ్ అను సార్జెంటునకు ఆ సంగతి మనస్సున మెదలి, మరల ఆ చోటికి పోయి వెదకగా సుత్తియు కత్తియు దొరకెను. ఒక చిన్న సంగతిని చిన్నదని విడువని మనుష్యుడు ఒకడు ఆ కథలో ఉండెను గదా అని సంతోషింపవచ్చును. కాని అప్పటికి 13 మంది స్త్రీలు చనిపోయిరి.

ఆ పరిశోధనపై లారెన్స్ బైఫర్డ్ వ్రాసిన నివేదిక 1981 డిసెంబరులోనే హోం మంత్రికి చేరినను, పూర్తిగా ప్రజల చేతికి వచ్చినది 2006 లో. అంతవరకు 1969 నాటి రెండు కాగితముల మాట సామాన్యులు పూర్తిగా ఎరుగరు.

ప్రసారసంస్థలవారికి గర్వకారణమైన సంగతి యొకటి ఇచ్చట చెప్పవలెను. 1982 జనవరిలో బి. బి. సి. టెలివిజనువారు థేమ్స్ వ్యాలీ పోలీసులపై తీసిన చిత్రమును ప్రసారము చేసిరి. తనపై అత్యాచారము జరిగినదని చెప్పుకొనుటకు వచ్చిన స్త్రీని ముగ్గురు పోలీసులు గద్దించుచు, ఆమె చెప్పునది కట్టుకథ యనుట దేశమంతయు ఇండ్లలో కూర్చుండి చూచెను. పోలీసులు కెమేరా ఎదుట సిగ్గుపడకుండుటయే విశేషము. తమ పని సక్రమముగనే చేయుచున్నామని వారి నమ్మకము. ఆ చిత్రము రేపిన కలవరమువలన మరుసటి యేట హోం శాఖ ఇట్టి ఫిర్యాదులను ఎట్లు స్వీకరింపవలెనో పోలీసులకు సూచనలు పంపెను.

సూచనలు వచ్చిన పాతికేండ్లకు లండను నగరమున మరియొకటి. 2007 జూలైలో ఒక విద్యార్థిని, తాను ఎక్కిన టాక్సీలో డ్రైవరు మత్తు కలిపిన పానీయము ఇచ్చెనని ఫిర్యాదు చేసెను. వసతిగృహపు కెమేరాలో టాక్సీ కనబడెను. జాన్ వార్‌బాయ్స్ అను ఆ డ్రైవరును పట్టిరి. కాని వాని యింటిని గాని బండిని గాని సోదా చేయలేదు. వాని మాట నమ్మి విడిచిరి. 2008 ఫిబ్రవరిలో మరల పట్టువరకు వాడు తన పని తాను చేయుచునే యుండెను. బాధితురాండ్రలో ఇద్దరు పోలీసులపైననే వ్యాజ్యము వేసి పట్టు విడువక పోరాడగా, 2018 ఫిబ్రవరి 21 న అక్కడి సుప్రీంకోర్టు, ఇట్టి ఘోరనేరములను సరిగా దర్యాప్తు చేయుట పోలీసులు బాధితులకు చెల్లింపవలసిన బాధ్యత యనియు, అందు పెద్ద లోపము జరిగినచో ప్రభుత్వము జవాబు చెప్పవలెననియు తీర్పు చెప్పినది.

ఇదంతయు పరదేశపు గొడవ యని అనుకొనువారు ఒక్క నిమిషము ఆగుదురు గాక. 1860 నాటి మన శిక్షాస్మృతియు ఆంగ్ల న్యాయవేత్తలు వ్రాసినదే. స్త్రీ మర్యాదను మాటచేతగాని చేష్టచేతగాని అవమానించినవానికి అందలి 509 వ సెక్షను విధించినది ఒక సంవత్సరపు సామాన్య ఖైదు. 2013 లోగాని అది మూడేండ్లు కాలేదు. ఇక వాడుకభాష సంగతి: బస్సులలో, బడి దారులలో ఆడపిల్లలను వేధించుటకు మన పత్రికలు దశాబ్దములపాటు ‘ఈవ్ టీజింగ్’ అని ముద్దుపేరు పెట్టినవి, తెలుగున ‘అల్లరి’, ‘ఆకతాయితనము’ అన్నాము. కృష్ణుడు చల్లకుండ పగులగొట్టినదియు అల్లరియే, ఇదియు అల్లరియే! ఢిల్లీలో 2012 డిసెంబరున జరిగిన దారుణము తరువాత, 2013 నాటి సవరణ చట్టము వెంబడించుటను, చాటుగా చూచుటను వేరువేరు నేరములుగా పేర్కొన్నది. స్త్రీలపై జరిగిన కొన్ని ఘోరనేరములను నమోదు చేయని పోలీసు ఉద్యోగికే జైలుశిక్ష విధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను ఆ నిబంధనలు కలవు.

ఇంక ఇంగ్లండునకే మరలుదము. ఈ చరిత్రలో అన్నిటికంటె మనస్సును కలచు ఘట్టము అక్కడనే, ఇటీవలనే జరిగినది. అందు నేరస్థుడును పోలీసు ఉద్యోగియే.

2015 లో కెంటు మండలమున, నడుము క్రింద వస్త్రము లేక ఒకడు కారు నడుపుచున్నాడని ఒక వాహనదారుడు పోలీసులకు చెప్పి, బండి సంఖ్యయు ఇచ్చెను. ఆ సంఖ్యనుబట్టి దొరకు పేరు వేన్ కజెన్స్. అప్పటికే వాడు అణుకేంద్రములను కాపాడు పోలీసు దళమున ఉద్యోగి. చర్య ఏమియు లేకపోయెను. 2018 సెప్టెంబరులో వాడు లండను మెట్రోపాలిటన్ పోలీసులో చేరెను. వాని పూర్వోత్తరములను విచారించినప్పుడు ఆ 2015 నాటి సంగతి ఎవరికిని అడ్డు రాలేదు. తరువాత వానికి అప్పగించినది పార్లమెంటును, రాయబార కార్యాలయములను కాపాడు పని. 2020 నవంబరు 13 న డీల్ పట్టణపు చేరువ దారిలో సైకిలుపై పోవుచున్న ఒక స్త్రీ యెదుట వాడు నగ్నముగా నిలిచెను. ఆమె ఫిర్యాదు చేసెను. 2021 ఫిబ్రవరిలో 14 న ఒకసారి, 27 న మరియొకసారి, కారులోనుండియే ఆహారము కొనుగోలు చేయు ఒక దుకాణపు కిటికీ వద్ద, పని చేయు ఆడువారి యెదుట అట్లే ప్రవర్తించెను. వారును ఊరకుండలేదు. బండి సంఖ్య, చెల్లింపు వివరములు, కెమేరా దృశ్యములు, అన్నియు అందుబాటులో నుండెను. చేయి చాచి అందుకొనువారే కరవైరి.

ఆ కేసు చూచుటకు పోలీసు ఉద్యోగిని ఆ దుకాణమునకు పోయినది మార్చి 3 వ తేదీన. ఆ రాత్రియే దక్షిణ లండనులో, స్నేహితురాలి యింటినుండి నడచి పోవుచున్న 33 ఏండ్ల యువతిని, తన పోలీసు గుర్తింపుకార్డు చూపి, అరెస్టు చేయుచున్నానని నమ్మించి, వాడు కారెక్కించుకొని పోయెను. ఆమె మరల ఇల్లు చేరలేదు. 2021 సెప్టెంబరు 30 న న్యాయస్థానము వానికి మరణించువరకు విడుదల లేని యావజ్జీవ శిక్ష విధించెను.

ఈ వ్యవహారమును విచారించిన ఎలీష్ ఆంజొలీనీ తన నివేదికలోని మొదటి భాగమును 2024 ఫిబ్రవరి 29 న వెలువరించిరి. వాడు ఏనాడును పోలీసు ఉద్యోగి కాదగనివాడని ఆమె స్పష్టముగా వ్రాసి, 16 సిఫారసులు చేసిరి. అసభ్యప్రదర్శనపు ఫిర్యాదులను పోలీసులు ఎట్లు దర్యాప్తు చేయవలెనో అందు ముఖ్యముగా చెప్పబడినది. గాలిపటముల జాబితానుండి ఆ నేరమును నిజముగా వేరుచేయుటకు 177 ఏండ్లు పట్టినదన్నమాట.

డీల్ దారిలోను, దుకాణపు కిటికీ వద్దను జరిగిన ఆ మూడు నేరములకును న్యాయస్థానమున వంతు వచ్చినది 2023 మార్చిలో. సైకిలుపై పోయిన ఆ స్త్రీ, హత్య తరువాత పత్రికలలో వాని బొమ్మ చూచి గుర్తుపట్టినది. తన ఫిర్యాదునకు ఈయదగినంత విలువ ఇచ్చిరని తనకు తోచలేదనియు, వానిని కనిపెట్టుటకు కలిగిన అవకాశములు జారిపోయినవనియు ఆమె న్యాయస్థానమునకు విన్నవించెను. ఇదివరకే జైలులో మరణమువరకు ఉండవలసిన ఆ ఖైదీకి, ఆ మూడింటికిగాను, న్యాయమూర్తి మరియొక 19 నెలలు విధించెను.