జూటు - గోగు - గోనె

నెల్లిమర్ల ప్రాంతమున అక్షరము లెఱుగని వారి నోట సైతము తడబాటు లేక వెలువడు ఇంగ్లీషు మాట యొకటి కలదు. అది 'జూటు'. చంపావతీ తీరమున నున్న యీ యూర 1920 ప్రాంతమున నారమిల్లు వెలసినది మొదలు, మూడు నాలుగు తరములవారు తమ బ్రతుకును ఆ మాటతోనే చెప్పుకొనిరి. 'మా అయ్య జూటుల జేసినాడు', 'జూటు మూసేసినారు', 'జూటు తెరిసినారు' - ఇట్టి వాక్యములలో ఆ మాటకు మొక్క యని గాని నార యని గాని అర్థము లేదు. మిల్లనియు, కూలియనియు, ఇంటిలో పొయ్యి వెలుగుటయనియు అర్థము. ఏ నిఘంటువునను ఈ అర్థములు కానరావు.

ఆ మాట యెచ్చట పుట్టినది, ఏ త్రోవను మన యూరు చేరినది, చేరి యేమి చేసినది అను విషయములను ఈ వ్యాసమున విచారింప దలచితిమి. ఇది పండితుల కాలక్షేపము మాత్రమే యని పాఠకులు తలంపవలదు. పేరు మారినపుడు వస్తువు విలువయు మారుట కలదు. ఆ విలువ పేరు పెట్టినవారికి దక్కి, వస్తువును పుట్టించినవారికి దక్కకపోవుటయు కలదు.

ముందుగా ఒక భ్రాంతిని తొలగింతము. ఇంగ్లండు చరిత్ర చదివిన విద్యార్థులు 5వ శతాబ్దమున బ్రిటనునకు వచ్చిన ఆంగ్లులు, శాక్సనులు, జూటులు అను జాతుల పేర్లు వినియుందురు. ఆ జూటులకును మన జూటునకును చుట్టరికము లేదు. నారను తెలుపు జూటు ఇంగ్లీషు భాషకు 18వ శతాబ్దమున వచ్చి చేరిన క్రొత్త చుట్టము. 1746 నాటి యొక ఓడ దినచర్యలో అది కనిపించును. పిమ్మట దానికి ప్రచారము కల్పించినవారిలో ముఖ్యుడు విలియము రాక్సుబరో. ఈయన మనకు పరాయివాడు కాడు. సామర్లకోటలో చాలకాలముండి తెలుగుదేశపు మొక్కలను పరిశీలించి, 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెడలెను. ఆ దశాబ్దముననే యీ నారను ఈస్టిండియా కంపెనీవారి దృష్టికి తెచ్చి, దానిని జూటని పేర్కొనెను.

ఆ పేరు రాక్సుబరో కల్పించినది కాదు. ఒడియావారు నేటికిని ఈ నారను 'ఝోటొ' అందురు. వంగభాషలోను దీనికి దగ్గఱి రూపము కలదు. దీనికి మూలము సంస్కృతమందలి 'జూట' శబ్దమనియు, అది 'జటా' శబ్దమునకు రూపాంతరమనియు నిఘంటుకారు లందురు. శివుని జటాజూటమును తలచుకొన్న యెడల వేరు వ్యాఖ్య అక్కఱలేదు. నీట ఊరిన కట్టలనుండి నారను ఒలిచి, ఉతికి, వెదురుకఱ్ఱలమీద ఆరవేసినపుడు చూచినవారికి, తలయంటుకొని విరియబోసికొనిన జుట్టే స్ఫురించును. కావున మనకు పొరుగువారి పొలములలో పుట్టిన మాట, ఇంగ్లీషువారి ఓడనెక్కి సముద్రములు దాటి, ధర కట్టించుకొని, దొరల మాటగా మన వాకిటికి మరలి వచ్చినది.

దీని తోబుట్టువైన మాట ఇంకొకటి కలదు. బరకసంచిగుడ్డను ఇంగ్లీషువారు 'గన్నీ' అందురు. అది సంస్కృతమందలి 'గోణీ' శబ్దమే. సరకులు పోయు సంచి యను అర్థమున ఆ రూపము సిద్ధించుటకై పాణిని తన సూత్రమున దానిని పేర్కొనెను. మన గోనెయు ఆ కుటుంబములోనిదే. రెండున్నర వేల యేండ్లకు దరిదాపుగా ఈ దేశపు ధాన్యమును మోయుచు వచ్చిన మాట యిది.

ఈ మాటలకు ప్రపంచఖ్యాతి వచ్చిన తెఱగు వేఱు. స్కాట్లండునందలి డండీ పట్టణమున అవిసెనార మిల్లులుండెను. జూటునార బిరుసు, యంత్రములకు లొంగదు. 1830ల నాటికి దానిని తిమింగిలపు నూనెతోను నీటితోను మెత్తబఱచు ఉపాయము అచటివారు కనుగొనిరి. డండీ తిమింగిలముల వేటకును కేంద్రమగుటచే నూనెకు కొదువ లేకుండెను. 1850లలో క్రిమియా యుద్ధమువలన రష్యానుండి రావలసిన అవిసెనార ఆగిపోగా జూటునకు గిరాకి హెచ్చెను. 1855లో కలకత్తాకు ఎగువను హుగ్లీతీరమున రిష్రాలో మిల్లు నెలకొనెను. లోకమున ఎచ్చట గోధుమ పండినను, కాఫీ పండినను, యుద్ధరంగమున ఇసుకబస్తాలు పేర్చినను వంగదేశపు నార కావలసివచ్చెను.

ఆ గిరాకి అల మన తీరమును తాకినది. భీమునిపట్నము రేవునుండి నార ఎగుమతి యయ్యెను. విదేశపు అంగళ్లలో దానికి 'బిమ్లిపట్నం జూటు' అని పేరు వచ్చెను. పిదప చిట్టివలసలోను, నెల్లిమర్లలోను మిల్లులు ఆ నారను ఆధారముగా చేసికొనియే నడచినవి. మన రేవు పేరు లోకపు వర్తకుల చిట్టాలకెక్కినదని సంతోషింపవచ్చును. కాని ఇచ్చటనే ఒక చిక్కు కలదు: బిమ్లిపట్నం జూటు జూటే కాదు.

అది గోగు. జూటు కోర్కోరసు అను ప్రజాతికి చెందినది. ఒండ్రునేలలను, సమృద్ధియైన వానలను కోరును. గోగు మందారతో పాటు హైబిస్కసు ప్రజాతికి చెందినది. మెట్టచేలలో, వాన వెలితియైనను ఓర్చి పెరుగును. విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల రైతు తొలకరికి విత్తి, పూత నాటికి కోసి, కట్టలు కట్టి చెఱువులలో ఊరవేసినది ఈ మొక్కనే. దాని లేతయాకును తెలుగువారందఱు ఎఱుగుదురు. గోగు కూరయే గోంగూర. ఆకు విస్తరిలో నున్నంతవరకు తెలుగుపేరు నిలిచినది. కాండపు నార త్రాసునకు ఎక్కగానే ఆ పేరు పోయి జూటైనది.

చిక్కు ఇంతటితో తీరలేదు. జూటునకు తెలుగుమాట కావలెనని తలచిన మన పత్రికలవారును, పాఠ్యపుస్తకకర్తలును 'జనపనార' అనిరి. జనుము మూడవ మొక్క. సంస్కృతమున దానిని శణమందురు. క్షత్రియునకు శణసూత్రముతో యజ్ఞోపవీతమని మనుస్మృతి విధించినది ఆ నారనే. పైరుపచ్చగా దున్ని వేయుటకు రైతు చల్లు పచ్చపూవుల జనుమును చూడనివారు లేరు. కావున నేల వంగదేశపు మొక్క పేరుతో వ్యవహరింపబడుచు, జనుము పేరుతో అనువదింపబడుచు, మన చేల పండిన గోగు తన పేరున ఎచ్చటను లేకపోయినది. ప్రభుత్వపు పట్టికలలో దానికి 'మెస్తా' అని నాల్గవ పేరు కలదు. అచ్చట జూటు, మెస్తా కలిసి 180 కిలోల బేళ్ల లెక్కకు ఎక్కును.

'పేరులో నేమున్నది? నార అమ్ముడుపోయిన చాలును గదా' అని కొందఱు అనవచ్చును. మేము బడిలో కన్నది చెప్పెదము. 'జనపనార ఎచ్చట పండును?' అని అడుగగా పిల్లలు 'బెంగాలులో' అని తడువుకొనక చెప్పుదురు. పుస్తకమును బట్టి అది సరియైన జవాబే, మార్కులును వచ్చును. కాని తన తాత గోగుచేను వేసినాడనియు, ఆ గోగుతో ఈ మిల్లు తిరిగినదనియు, ఆ సరకునకు లోకమంతటను మన రేవు పేరే నుండెననియు ఆ బాలునకు తెలియదు. చరిత్ర యనగా దూరపువారికి జరుగునది, మనకు జరుగునది కూలిపని యని వాడు నేర్చుకొనుచున్నాడు. ఇంతకంటె నష్టము వేఱొకటి యుండునా?

1947లో దేశవిభజన జరిగినపుడు మిల్లులు హిందూదేశమున మిగిలినవి. శ్రేష్ఠమైన జూటుపొలములు అత్యధికముగా తూర్పువంగదేశమునకు, అనగా పాకిస్తానునకు పోయినవి. ఆ కొఱతను తీర్చుటకు పిలుపు వచ్చినది గోగునకే. శ్రీకాకుళము జిల్లాలోని ఆమదాలవలస పరిశోధనస్థానమున క్రొత్త వంగడములు తయారైనవి. ఆ యూరి పేరి తొలి యక్షరములే వాని పేళ్లు. అట్లు మిల్లుల నాదుకొన్న పైరు ఇటీవలి దశాబ్దములలో మిక్కిలి తగ్గినది. ఊరవేయుటకు చెఱువులలో నీరు లేదు. ఒలుచుటకు మనుషులు దొరకరు. మొక్కజొన్న, సరుగుడు, నీలగిరి ఆ చేల నాక్రమించినవి. ఇచ్చటి మిల్లులకు వంగదేశపు నారయే రావలసినవచ్చినది. తుదకు జూటు మిల్లు పేరునకు తగినదే యైనది. కాని గోగు పోయిన తరువాత!

ఆ పనిలోని కష్టమును ఏ మాటయు మోయలేదు. కుళ్లినకట్టల వాసన కిలోమీటరు దూరము కొట్టుచుండగా నడుములోతు నీట నిలిచి, పుల్లను విఱిచి, నారను ఊడదీయవలెను. మిల్లులో నారధూళి, మగ్గముల మ్రోత. పర్మనెంటు కానివాడు 'బదిలీ' యను పేర, ఒకరు రాని దినమున పని దొరకునని గేటువద్ద కాచుకొనవలెను. 1994లో నెల్లిమర్లలో మిల్లుకార్మికుల యాందోళనపై పోలీసులు కాల్పులు జరుపగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. 'జూటు మూసేసినారు' అను వాక్యమునకు ఈ ప్రాంతమున ఎంత బరువో నిఘంటుకారుడు ఎఱుగడు.

ఇక నేటి వింతను చూడుడు. పట్టణపు అంగళ్లలో 'జూటు బ్యాగు' గాజుబీరువాలో వ్రేలాడుచున్నది. ప్లాస్టికును మానుదమనువారు ముచ్చటపడి కొనుచున్నారు. ఇది మంచిదే. కాని ఆ గుడ్డనే గోనెపట్టా యని పిలిచినచో వాకిట కాళ్లు తుడుచుకొనుటకు తక్క పనికిరాదందురు. గోనె కప్పుకొన్నవాడు దరిద్రుడు. జూటు పట్టుకొన్నవాడు నాగరికుడు. నార ఒక్కటే, నేత ఒక్కటే. పేరు మార్చగా వచ్చిన యధికపు ధరలో నార ఒలిచినవారికి చేరినదెంత యని ఎవ్వరు నడుగరు.

జూటను మాటను వెడలగొట్టవలెనని మేము చెప్పము. మూలము విచారించినచో అది మన పొరుగింటి యాడపడుచే. నూఱేండ్లుగా మన కూలివారి నోట నలిగి తెలుగైనది. 1987లో ప్రభుత్వము ధాన్యము, పంచదార మున్నగువానిని జూటుసంచులలో నింపవలెనని చట్టము చేసినపుడు, ఆ మాటయే ఎన్నో మిల్లులకు ఊపిరియైనది. మేము కోరునది స్వల్పము. పాఠ్యపుస్తకములలో జూటు, గోగు, జనుము అను మూడింటిని మూడు మొక్కలుగా బొమ్మలతో చూపవలెను. బిమ్లిపట్నం జూటు అనగా మన గోగని ఈ జిల్లాల పిల్లలకైన చెప్పవలెను. నార అమ్మిన రైతునకిచ్చు రసీదులో 'మెస్తా' ప్రక్కన గోగని తెలుగున వ్రాయవలెను. తానేమి అమ్మినాడో, ఏ ధరకు అమ్మినాడో అతడు తానే చదువుకొనగలుగవలెను. గోగును పండించి, ఊరవేసి, ఒలిచిన యనుభవము గల వృద్ధులు పల్లెలలో ఇంకను మిగిలియున్నారు. వారి మాటలను, పనిముట్ల పేళ్లను, కట్టల లెక్కలను ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే వ్రాయించి యుంచుట డబ్బుతో పనిలేని కార్యము. ఈ సంవత్సరమే మొదలు పెట్టదగినది.