జార్జిటౌను పూర్వకథ



మన కోస్తా గ్రామములలోని పెద్దలు "పట్నము పోయి వచ్చితిమి" అన్నచో, అనేక తరములపాటు ఆ మాటకు చెన్నపట్టణమనియే అర్థము. వ్యాజ్యమునకో, బేరమునకో, చదువునకో పోయినవారు తిరిగిన వీధులు చాలవఱకు కోటకు ఉత్తరముననున్న జార్జిటౌనులోనివే. ఆ పేట ఇంగ్లీషు రాజు పేరు ధరించినను, దానిని కట్టినవారు రాజులు కారు. నేతగాండ్రు, అద్దకమువారు, వర్తకులు, కూలివారు. కోట యెట్లు నిలిచెనో చాలమంది వ్రాసిరి. ఆ కోట నిలుచుటకై ఊరు ఏమి కోల్పోయెనో నేడు మనవి చేసెదను.

1639వ సంవత్సరమున దామెర్ల వెంకటాద్రి నాయకుడు సముద్రతీరమున కోట కట్టుకొనుటకు ఇంగ్లీషు కంపెనీవారికి అనుమతి నొసగెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేర చెన్నపట్టణము వెలసెను. కంపెనీకి కావలసినది బట్ట. అది లేనిదే వారి ఓడలు నిండవు. కావున నేతపనివారిని, అద్దకపువారిని రప్పించి కోటప్రక్కను నిలిపిరి. కోటలోపల తెల్లవారు, వెలుపల మనవారు. ఈ వెలుపలి ఊరికే వారు బ్లాక్ టౌన్, అనగా నల్లవారి పట్టణమని పేరిడిరి. బేరి తిమ్మన్న మొదలగు తెలుగు వర్తకులు కంపెనీకి మధ్యవర్తులై అక్కడ ధనము గడించిరి. చెన్నకేశవస్వామి ఆలయము ఆ ఊరికి అలంకారమై యుండెను.

ఊరిలో కలహములు లేకపోలేదు. కుడిచేతి కులములు, ఎడమచేతి కులములు అను రెండు పక్షములు ఊరేగింపుల కొఱకును, వీధులపై హక్కుల కొఱకును పోరాడుచుండెను. 1707లో గవర్నరు పిట్టు కాలమున ఆ కలహము ముదిరి, పెద్దనాయకునిపేట కుడిచేతివారికిని, ముత్యాలపేట ఎడమచేతివారికిని అను ఏర్పాటు జరిగెను.

అంతకంటె పెద్ద విపత్తు వెలుపలినుండి వచ్చెను. 1746లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొని, కోటకు దాపుననున్న ఇండ్లను కూల్చిరి. 1749లో సంధివలన పట్టణము మరల ఇంగ్లీషువారి పాలాయెను. వారును, శత్రువు ఇండ్ల చాటున నిలిచి కోటపై గుండ్లు వేయునను భయముచే, మిగిలిన పాతయూరిని నేలమట్టము చేసిరి. 1757లో చెన్నకేశవాలయము సైతము పోయెను. ప్రజలు ఉత్తరమునకు జరిగి, ముత్యాలపేటలోను పెద్దనాయకునిపేటలోను కాపురములు నిలుపుకొనిరి. మణలి ముత్తుకృష్ణ మొదలియారు ప్రయత్నమున, ప్రజల చందాలతో ఆలయము క్రొత్తచోట మరల లేచెను. ఖాళీ చేసిన మైదానమున ఇండ్లు కట్టరాదని తెలుపుటకు 1773 జనవరి 1వ తేదీతో ఎల్లరాళ్లు నాటిరి. అందొకటి నేటికిని నిలిచియున్నది. పాతయూరుండిన చోటనే 1892లో హైకోర్టు భవనము తెరువబడెను. వ్యాజ్యములకై అచటికి వెళ్లిన మన పెద్దలు తాము త్రొక్కు నేల ఒకప్పటి ఇండ్ల పునాదులని యెఱుంగరు.

నీటి సంగతియు ఇట్టిదే. పెద్దనాయకునిపేటకు ఉత్తరమున త్రవ్విన ఏడుబావుల మంచినీరు 1772 నుండి కోటకు పోవుచుండెను. ఊరివారికి చాలకాలము పెరటి బావులే ఆధారము. 1872 ప్రాంతమున ఎఱ్ఱకొండల చెరువునుండి నీరు వచ్చుచుండగా కష్టము కొంత తీరెను. వీధులు మాత్రము ఇరుకైనవే. ముందు అంగడి, వెనుక కాపురము, నడుమ ముంగిలి. ఒక్క కప్పు క్రింద పలు సంసారములు.

ఇట్టి యిరుకునుండియే పల్లెలకు మేలు చేసిన గొంతుక లేచెను. తెలుగు వర్తకుడగు గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో క్రెసెంటు పత్రిక నారంభించెను. శిస్తు వసూలుకై రైతులను హింసించు అధికారుల ఆగడములను ఆయన, ఆయన మిత్రులు బయటపెట్టిరి. అందువలన విచారణసంఘ మేర్పడి, 1855లో తన నివేదిక నిచ్చెను. పట్నపు వర్తకుడు తన బేరము తాను చూచుకొనక, దూరపు పల్లెలోని కాపు వీపు మీది దెబ్బకు బాధపడెను.

1911లో ఆ పేటకు జార్జిటౌనని పేరు మార్చిరి. అయినను లింగిశెట్టి, తంబుశెట్టి, గోవిందప్పనాయకుడు మొదలగువారి పేర్లు వీధులకు నిలిచియే యున్నవి. కొత్వాలుచావడిలోని కూరగాయల పెద్ద అంగడి 1996లో కోయంబేడునకు తరలిపోయినను, అచటి వాసవీకన్యకాపరమేశ్వరి గుడి కదలలేదు. రెండుమారులు కూల్చినను ఊరు లేచినది. రాళ్లు కోటకు బలము. మనుష్యులు ఊరికి బలము. మన గ్రామముల పూర్వకథలను కూడ, అవి తెలిసిన పెద్దలుండగనే, పిల్లలచే వ్రాయించి యుంచుట మేలు.