పుంగనూరు ఆవులలో రంగు, ఎత్తుల వారసత్వం

పుంగనూరు ఆవు ఆంధ్రప్రదేశ్‌లోని పుంగనూరు, పెద్దపంజాణి, పలమనేరు ప్రాంతాలకు చెందిన పొట్టి జాతి పశువు. సాధారణంగా దీని ఎత్తు 70 నుండి 90 సెంటీమీటర్లు. తెలుపు, బూడిద, లేత గోధుమ, ముదురు గోధుమ వన్నెలలోనూ, మచ్చలతోనూ కనిపిస్తుంది. దూడ ఏ రంగులో పుడుతుంది, ఎంత ఎత్తు పెరుగుతుంది అనే రెండు ప్రశ్నలకు జన్యుశాస్త్రంలో సమాధానం ఒకటి కాదు.

== రంగు ==
పశువుల కణంలో 60 క్రోమోజోములు ఉంటాయి. వీటిలో 30 తల్లి నుండి, 30 తండ్రి నుండి దూడకు సంక్రమిస్తాయి. అందువలన ప్రతి జన్యువుకు సాధారణంగా రెండు ప్రతులు ఉంటాయి. నలుపు, ఎరుపు వర్ణకాలను నిర్ణయించే జన్యువులలో ముఖ్యమైనది ఎం.సి.1.ఆర్. దీనిలో నలుపు రూపం బహిర్గతం, ఎరుపు రూపం అంతర్గతం. నల్లని తల్లిదండ్రులు ఇద్దరిలోనూ ఎరుపు రూపం దాగి ఉంటే ప్రతి ఈతలోనూ ఎర్ర దూడ పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. వరుసగా మూడు నల్ల దూడలు పుట్టినంత మాత్రాన నాలుగవది ఎర్రది కావాలనే నియమం లేదు. నల్ల ఆవుకు ఎర్ర దూడ పుట్టగానే జాతి చెడిందని అనుకోవడం కూడా సరికాదు. తెలుపు, బూడిద వన్నెలలోనూ, మచ్చలలోనూ ఇతర జన్యువుల పాత్ర ఉన్నందున ఈ లెక్క అన్ని దూడలకు వర్తించదు.

== ఎత్తు ==
ఎత్తు అనేక జన్యువుల ఉమ్మడి ఫలితం. 2018లో 58,265 పశువుల సమాచారంతో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ఎత్తుతో సంబంధం గల 163 జన్యుస్థానాలను గుర్తించింది. దీనికి మేత, ఆరోగ్యం తోడవుతాయి. కనుక దూడ పుట్టినప్పుడు చిన్నగా ఉన్నదని పెద్దయ్యాక కూడా పొట్టిగానే ఉంటుందని చెప్పలేము. తల్లిదండ్రుల ఎత్తు చూడడమే మేలు.

పొట్టితనం ఒకే జన్యువు వలన కలిగే జాతులూ ఉన్నాయి. ఐర్లాండుకు చెందిన డెక్‌స్టర్ పశువులలో ఏకాన్ జన్యువులోని మార్పు ఒక ప్రతిలో ఉంటే కాళ్ళు పొట్టివవుతాయి. రెండు ప్రతులలోనూ ఉంటే దూడ వికృతంగా ఏర్పడి గర్భంలోనే మరణిస్తుంది. ఆ మార్పు గల రెండు పొట్టి పశువులను జతపరిస్తే ప్రతి గర్భానికీ నాలుగింట ఒక వంతు ఈ ప్రమాదం ఉంటుంది.

== సంకరం, అంతఃప్రజననం ==
పాల కోసం జెర్సీ వంటి విదేశీ జాతులతో సంకరం చేయడం పుంగనూరు జాతి క్షీణతకు ఒక కారణం. మొదటి తరం సంకర దూడలో పుంగనూరు వాటా సగమే. అటువంటి పశువులనే మళ్ళీ జతపరిస్తే తరువాతి తరంలో పొట్టివి, పొడవువి కలగలిసి పుడతాయి. వాటిలో పొట్టి దూడను చూసి అసలు జాతి అని కొన్నవారు దాని సంతానాన్ని చూసి మోసపోయామని గ్రహిస్తారు.

ఇందుకు విరుగుడుగా ఒకే విత్తనపు కోడెను ఏళ్ళ తరబడి ఉంచి దాని కూతుళ్ళకే కట్టించడమూ ప్రమాదమే. తండ్రీకూతుళ్ళ జతలో పుట్టిన దూడకు అంతఃప్రజనన గుణకం 25 శాతం. దాగి ఉన్న దోషాలు బయటపడడం, చూలు నిలవకపోవడం, దూడలు బలహీనంగా పుట్టడం ఇటువంటి మందలలో పెరుగుతాయి. పెయ్యలు ఎదకు వచ్చే లోగా కోడెను మార్చడం, ఈతల వివరాలు పుస్తకంలో వ్రాసి ఉంచడం చిన్న మందకు కూడా సాధ్యమే. పలమనేరులోని పశు పరిశోధనా స్థానంలో ఈ జాతి పరిరక్షణ జరుగుతున్నది.