కాలువ గట్టున ఒకనాటి నడక

ఉదయమున భవానీపురము నుండి కృష్ణ ఒడ్డు వెంబడి దిగువకు నడచు బాటసారికి కొలది సేపటిలోనే ఇంద్రకీలాద్రి పాదమున ప్రకాశం బ్యారేజి కానవచ్చును. ఈ కొండకును, ఆవలి ఒడ్డున నున్న సీతానగరము కొండకును నడుమ 1852–55 సంవత్సరములలో ఆనకట్ట కట్టిరి. ఆర్థర్ కాటన్ సంకల్పమును కెప్టెన్ చార్లెస్ ఆర్ నెరవేర్చెను. 1952లో ఆనకట్ట తెగిపోగా 1957 నాటికి బ్యారేజి నిర్మింపబడెను.

ఇచట నుండి ఏలూరు కాలువ గట్టు పట్టి గుణదల, రామవరప్పాడు, నిడమానూరు మీదుగా నడచినచో సాయంకాలమునకు కేసరపల్లి చేరవచ్చును. ఈ గట్టు ఒకప్పుడు పడవలు లాగెడివారి బాట.

ఇంగ్లండులో 1810లో పూర్తియైన కెన్నెట్–ఏవన్ కాలువ పడవల కొరకే త్రవ్వినది. నీరు దాదాపు నిలుకడగా నుండును. గట్టుమీద గుఱ్ఱము నడచుచు పడవను లాగెడిది. కృష్ణా కాలువకు పనులు రెండు. పొలమునకు పారెడి నీరు కావలెను. పడవకు నిలిచిన నీరు మేలు. ఈ రెంటిని పొసగించినవి లాకులు. కాలువ మట్టము దిగెడి చోట రెండు తలుపుల నడుమ ఒక తొట్టి యుండును. పడవ లోనికి వచ్చిన పిమ్మట పై తలుపు మూసి, నీటిని మెల్లగా దిగువకు వదలుదురు. నీటితోపాటు పడవయు దిగును. ఎగువకు పోవు పడవకు ఇదే పని తిరుగవేసి చేయుదురు.

విజయవాడ నుండి ఏలూరు వరకు పడవ వాలునబడి పోవును. అచట గోదావరి కాలువ ఎదురుగా వచ్చి కలియును గనుక, ఆపైన గోదావరి వైపు పోవుటకు ఏటికెదురు లాగవలెను. గాలి అనుకూలించిన తెరచాప ఎత్తెడివారు. లేనినాడు మనుష్యులే త్రాడు భుజమున వేసికొని గట్టున నడిచెడివారు. రైలుకన్న జలమార్గము చౌక యని కాటన్ వాదించెను. ఆ చౌకలో కొంత భాగము ఈ భుజముల మీదిదే.

1893లో కృష్ణపై రైలు వంతెన ఏర్పడెను. రైళ్లు, లారీలు పెరిగినకొలది పడవలు తగ్గి, తుదకు సరకుల రాకపోకలు నిలిచిపోయెను. 2008లో ఈ కాలువను 4వ జాతీయ జలమార్గమున చేర్చిరి. పడవలు పోయినను విజయవాడలో ఏలూరు లాకులు, బందరు లాకులు అను పేర్లు జనుల నోట నిలిచియున్నవి. గట్టుమీది బాటయు వారి పాదములు వేసినదే.