షెల్ స్క్రిప్టులలో అడుగుల లూపు

అడుగుల లూపు అనగా షెల్ స్క్రిప్టులో ఒక జాబితాలోని అంశాలను ఒక్కొక్కటిగా కాక, రెండేసి లేదా మూడేసి చొప్పున చదివే పద్ధతి. ప్రతిసారీ ఎన్ని స్థానాలు ముందుకు జరగాలో తెలిపే సంఖ్యను అడుగు అంటారు. ఇది గణితంలో అంకశ్రేఢికి ఉండే సామాన్య భేదం వంటిది.

చరిత్ర

బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ బోర్న్ రూపొందించిన బోర్న్ షెల్ 1979లో యూనిక్స్ ఏడవ వెర్షనుతో విడుదలైంది. దానిలోని ఫర్ లూపు జాబితాను ఒక్కొక్క పదంగా మాత్రమే చదువుతుంది. గ్నూ ప్రాజెక్టు కొరకు బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో వెలువడింది. అర్రేలు, సీ భాష తరహా ఫర్ లూపు దానిలో తరువాత చేరాయి. 2009 నాటి బాష్ 4.0 నుండి ఫ్లవర్ బ్రాకెట్లలో ఇచ్చే సంఖ్యల వరుసకు కూడా అడుగు ఇవ్వవచ్చు.

పద్ధతులు

* సీక్: ఈ కమాండుకు మొదటి సంఖ్య, అడుగు, చివరి సంఖ్య ఇదే క్రమంలో ఇవ్వాలి. 1, 2, 10 ఇస్తే 1, 3, 5, 7, 9 వస్తాయి.
* అర్రే: బాష్‌లో స్థానాలు 0 నుండి మొదలవుతాయి. స్థానసంఖ్యకు ప్రతిసారీ అడుగును కలుపుతూ, అది అర్రే పరిమాణం కంటే తక్కువగా ఉన్నంతవరకు లూపు నడపాలి.
* షిఫ్ట్: పోసిక్స్ షెల్‌లో అర్రేలు లేవు. అందువలన జాబితాను ఆర్గ్యుమెంట్లుగా తీసుకొని, వైల్ లూపులో మొదటి రెండింటిని వాడుకొని, షిఫ్ట్ 2 ద్వారా వాటిని తొలగిస్తారు.

ఉదాహరణ

కర్నూలు జిల్లా మంత్రాలయం శాసనసభ నియోజకవర్గంలో మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు అను 4 మండలాలు ఉన్నాయి. అడుగు 2 అయినప్పుడు 0, 2 స్థానాల నుండి రెండు జతలు వస్తాయి: మంత్రాలయం-కోసిగి, కౌతాళం-పెద్దకడబూరు. చివరి పేరును కొటేషన్ గుర్తులు లేకుండా "పెద్ద కడబూరు" అని విడదీసి రాస్తే, షెల్ దానిని రెండు అంశాలుగా తీసుకుంటుంది. అప్పుడు అంశాలు 5 అవుతాయి. కౌతాళం పక్కన "పెద్ద" చేరి, "కడబూరు" ఒంటరిగా మిగులుతుంది. అర్రే లూపు ఏ దోషమూ చూపకుండానే పూర్తవుతుంది కనుక ఈ తప్పు సులభంగా కనబడదు.

జాగ్రత్తలు

షిఫ్ట్ పద్ధతిలో ఇదే జాబితా మరింత ప్రమాదకరం. ఒకే అంశం మిగిలినప్పుడు షిఫ్ట్ 2 ఇస్తే బాష్ దేనినీ తొలగించదు. లూపు షరతు "ఏదైనా అంశం మిగిలి ఉన్నంతవరకు" అని ఉంటే లూపు ఎన్నటికీ ఆగదు. డెబియన్, ఉబుంటులలోని డ్యాష్ షెల్ అయితే దోషం చూపి స్క్రిప్టును ఆపివేస్తుంది. ఈ ఇబ్బంది రాకుండా "కనీసం రెండు అంశాలు ఉన్నంతవరకు" అని షరతు పెట్టి, మిగిలినదానిని లూపు వెలుపల వేరుగా పరిశీలించాలి. ఖాళీ గల పేర్లను తప్పక కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి.

ఇవి కూడా చూడండి

* బాష్
* యూనిక్స్
* మంత్రాలయం శాసనసభ నియోజకవర్గం