'టేస్టు' శబ్దార్థ చరిత్ర

ఆంగ్లకావ్యవిమర్శమునందు 'టేస్టు' అను శబ్దము కానవచ్చినచోటనెల్ల దానిని 'రుచి' యనియో 'రసము' అనియో తెనిగించుట పరిపాటియైనది. భోజనవిషయమున నిది చెల్లును, కావ్యవిషయమున చెల్లదు. ఆ శబ్దము మొదట నాలుకకు చెందినది కాదు, చేతికి చెందినది.

ప్రాచీనఫ్రెంచిభాషలో 'తాస్తేర్' అను క్రియకు తాకుట, తడవిచూచుట అని యర్థము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆ దేశమున చేరిన ఫ్రెంచిపదములలో నిది యొకటి. సుమారు 1300 నాటి ఆంగ్లమున దీనికి స్పృశించుట, పరీక్షించుట అను నర్థములు గలవు. 14వ శతాబ్దిలో నాలుకతో పరీక్షించుట యను విశేషార్థము బలపడి మూలార్థమును క్రమముగా త్రోసివేసెను. అంతకుముందు ఆ పనికున్న దేశ్యపదము 'స్మాక్' మూలకు జరిగినది. దాని తోబుట్టువగు 'గెష్మాక్' మాత్రము జర్మనులో నేటికిని నిలిచియున్నది. 1602లో ప్రదర్శింపబడిన షేక్‌స్పియరు నాటకము 'ట్వెల్ఫ్త్ నైట్'లో సర్ టోబీ, పురుషవేషమున నున్న వయోలాను కాళ్ల సత్తువ పరీక్షించుకొమ్మనుటకు ఈ క్రియనే వాడును. ఆమె దాని భావము తెలియలేదని బదులు చెప్పును. హాస్యమే యైనను, పాతయర్థము అప్పటికే చెవికి వింతగా నుండెనని దీనివలన తెలియుచున్నది.

తెలుగున 'రుచి చూచుట' యందురు. నాలుక చేయు పనిని కంటికి చెందిన క్రియతో చెప్పుట మన వాడుక. ఆంగ్లేయులు చేతికి చెందిన క్రియతో చెప్పిరి. రెండింటను పరీక్షయే ప్రధానము.

ఇట్టి సంబంధము ఇతరపదములందును కలదు. లాటినున రుచివాచకమగు 'గుస్తుస్', సంస్కృతమున ప్రీతిసేవనార్థకమగు జుష్ ధాతువు, ఆంగ్లమున ఎన్నుకొనుట యను నర్థముగల 'చూజ్' ఏకమూలజములని భాషాతత్త్వజ్ఞులు నిర్ణయించిరి. లాటిను 'సపేరే' అను క్రియకు రుచి యెరుగుట, వివేకము కలిగియుండుట యని రెండర్థములు. 1758లో లిన్నేయసు మానవజాతికి పెట్టిన 'సేపియన్స్' అను పేరు దానినుండి వచ్చినదే. 'స్వీట్' మన స్వాదుశబ్దమునకు జ్ఞాతి. 'బిట్టర్' కొరుకుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. కావున ఆంగ్లేయులు తీవ్రమైన చలిని 'బిట్టర్' అనునపుడు చేదును చలికి ఆరోపించుచున్నారనుట సగము సత్యము. కొరుకుట యను మూలార్థమే అక్కడ తొంగిచూచుచున్నది.

కావ్యవిషయమున ఈ శబ్దమునకు ప్రతిష్ఠ కలిగినది 18వ శతాబ్దియందు. 1712లో అడిసను 'స్పెక్టేటరు' పత్రికలో దీనిని చర్చించెను. 1757లో హ్యూము ప్రకటించిన వ్యాసమున 'డాన్ క్విక్సోటు'లోని సాంచో చెప్పిన కథ యొకటి గలదు. సాంచో బంధువు లిద్దరు ఒక పీపాలోని ద్రాక్షసారాయమును పరీక్షించిరి. మంచిదే గాని తోలువాసన తగిలినదని యొకడు, ఇనుపవాసన తగిలినదని వేరొకడు పలికిరి. అందరు నవ్విరి. పీపా వట్టిపోయినపుడు అడుగున తోలుపట్టెతో గూడిన తాళపుచెవి దొరకెను! హ్యూము మతమున 'టేస్టు' అనగా ఇట్టి సూక్ష్మవివేచనశక్తి. అది అభ్యాసముచే పదునెక్కును. 1815లో వర్డ్స్‌వర్తు దీనిని ఆక్షేపించెను. అది శరీరమునందలి నిష్క్రియేంద్రియమునుండి తెచ్చిన రూపకమనియు, పాఠకుని బుద్ధివ్యాపారమునకు తగదనియు ఆయన వాదము. ఆనాటి వాడుకకు ఈ యాక్షేపణ తగునేమో కాని శబ్దచరిత్రకు తగదు. తడవి పరీక్షించుట నిష్క్రియ మెట్లగును?

మన శాస్త్రమున రసము ఆస్వాదింపబడునది. అందుకే భరతుడు వ్యంజనములతో గూడిన అన్నమును దృష్టాంతముగా చూపెను. ఇక రుచ్ ధాతువునకు దీప్తి, అభిప్రీతి యని యర్థములు. రుచ్యర్థకధాతుయోగమున ప్రీతి పొందువానికి పాణిని సంప్రదానసంజ్ఞ విధించెను. బాలునకు పాయసము రుచించుననునపుడు కర్త పాయసమే. సంస్కృతమున బాలుడు చతుర్థిలో నిలిచి ప్రీతి పొందును, అంతియే. హ్యూము చెప్పిన పరీక్షకుడు అట్టివాడు కాడు, వాడు కర్త. వానికి మనలో సరియైన పేరు సహృదయుడు.

నిత్యవ్యవహారమున ఈ శబ్దము మరియు దూరము పోయినది. చావుఇంట నెవడైన పరిహాసమాడినచో ఆంగ్లేయులు దానిని 'బ్యాడ్ టేస్టు' అందురు. దానిని 'చెడ్డరుచి' యని తెనిగించిన బాలురకు పులిసిన పెరుగు తలపునకు వచ్చును. అది క్షేమేంద్రుడు 11వ శతాబ్దియందు చర్చించిన ఔచిత్యమునకు భంగము. 'అనౌచిత్యము' అనియే చెప్పవలెను.