పౌలు పత్రికల్లో ఆ మాట ఎవరిది?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం... మన సంఘం ఎక్కడున్నా, ఏదైనా వాదన వచ్చినప్పుడు "పౌలే చెప్పాడు కదా" అంటే చాలు, అందరూ ఊరుకుంటారు. స్త్రీలు సంఘంలో నోరు తెరవవచ్చా అనే ప్రశ్న చాలాచోట్ల ఇలాగే ముగుస్తుంది. మన అక్కచెల్లెళ్ల సేవ ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు, అది ఎవరి మాటో జాగ్రత్తగా వినాలి.

పౌలు చెబుతుంటే మరొకరు వ్రాసేవారు. రోమా పత్రికను వ్రాసిన తెర్తియు 16:22లో తన వందనం కూడా చేర్చాడు. పెనుకొండలో శాసనం చెక్కింది శిల్పి అయినా ఆజ్ఞ రాజుదే కదా! ఇదీ అంతే. గలతీ 6:11లో పౌలు తన చేతితోనే పెద్ద అక్షరాలు వ్రాశాడు. తన పేరుతో వేరే పత్రికలు వస్తే మోసపోవద్దని 2 థెస్సలొనీక 2:2 హెచ్చరిస్తుంది. స్వహస్తంతో వ్రాసిన వందనమే గుర్తు అని 3:17 చెబుతుంది.

పౌలు పేరుతో 13 పత్రికలున్నాయి. రోమా, 1, 2 కొరింథీ, గలతీ, ఫిలిప్పీ, 1 థెస్సలొనీక, ఫిలేమోను ఆయనవేనని పండితులు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. మిగిలిన 6 పత్రికల భాష, శైలి చూసి కొందరు సందేహిస్తారు, కొందరు ఆయనవే అంటారు. హెబ్రీ పత్రికలో రచయిత పేరే లేదు. అయినా సంఘం వీటన్నిటినీ లేఖనాలుగానే స్వీకరించింది.

ఆయన పత్రికలో ఇతరుల మాటలు కూడా ఉంటాయి. కొరింథీయులు వ్రాసిన సంగతులకు ఆయన జవాబిస్తున్నాడని 1 కొరింథీ 7:1 చూపుతుంది. 6:12లో అన్నిటికీ స్వేచ్ఛ ఉందనే మాట కొరింథీయులదేనని, పౌలు దానిని సరిదిద్దుతున్నాడని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. మనం తెలుగులో "అని" చేర్చి ఇతరుల మాటను వేరుచేస్తాం. అక్కడి గ్రీకులో అలాంటి గుర్తు లేదు. 7వ అధ్యాయంలోనైతే ప్రభువు ఆజ్ఞ ఏదో, తన ఆలోచన ఏదో పౌలే విడదీసి చెప్పాడు.

ఇప్పుడు స్త్రీల సంగతి చూద్దాం. 1 కొరింథీ 14:34 మౌనంగా ఉండమంటుంది. అదే పత్రికలో 11:5 స్త్రీలు ప్రార్థిస్తారనీ ప్రవచిస్తారనీ ముందుగానే ఒప్పుకొని మాట్లాడుతుంది. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 14:34, 35 వచనాలు 40వ వచనం తర్వాత కనిపిస్తాయి. రోమా 16:1లో ఫీబే కెంక్రేయ సంఘ పరిచారకురాలు. ఇవన్నీ పక్కన పెట్టి ఒక్క వచనంతో తీర్పు చెప్పడం పౌలుకు న్యాయం చేసినట్టు కాదు.

ధర్మవరం పట్టుచీరను ఒక్క పోగు చూసి ఎవరూ కొనరు. కొంగు, అంచు విప్పి చూస్తారు. పత్రికనూ అలాగే మొదటి నుంచి చివరి వరకు చదవాలి. ఈ వారం ఫిలేమోను పత్రికతో మొదలుపెడదాం. ఉన్నవి 25 వచనాలే. ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక్కసారిగా బిగ్గరగా చదివితే పౌలు స్వరం మనకే వినిపిస్తుంది.